ఇరవై మూడో బిల్ల

మొన్న ఆదివారం మా మనుమరాలు యూనిఫాం గుండీ ఊడిందని మొత్తుకుంటె, అల్మారి మీదికెల్లి గుండీల డబ్బ దించిన. ఏ ఇంట్లనైన ఉంటది అసుంటి డబ్బ. మాది ఒకప్పుడు బిస్కెట్లది, ఇప్పుడు దాంట్ల తెగిన హుక్కులు, రంగు పోయిన రిబ్బన్లు, పిన్నీసులు, ఎవలి అంగీలవో తెల్వని గుండీలు. చెయ్యి పెట్టి కలెవెడుతుంటె అడుగున ఏందో గరుకుగ తగిలింది. తీసి చూస్తె సోడా సీస మూత. సుత్తెతోని సాపు చేసి, మీద మేకుతోని ఒక బొక్క కొట్టి, నడుమ చుక్కలు చుక్కలుగ పొడిచి ఇరవై మూడు అని రాసి ఉన్నది. గుండీ దొరికిందా అమ్మమ్మా అని పోరి అడుగుతనే ఉన్నది. గుండీ దొరకలె తల్లీ, ఒక పిల్ల దొరికింది అన్న. అది నా దిక్కు ఒక తీరుగ చూసి, ఈమెతోని కాదనుకొని వాళ్ళమ్మ దగ్గరికి పోయింది.

నన్ను ఈ సెంటినరీ కాలనీల అందరు సరోజన టీచర్ అంటరు. నేను రిటైరై కూసున్నా ఆ పేరు మాత్రం రిటైర్ కాలె. కూరగాయలకు పోతె నెత్తి నెరిసిన మనిషి ఒకడు నమస్తె పెట్టి, నా చేతికెల్లి సంచి గుంజుకొని లేత బెండకాయలు ఏరి ఏస్తడు. నేను ఆ మీసాల వెనుక ముక్కు చీదుకుంట కూసున్న మూడో తరగతి పోరన్ని వెతుక్కుంట. గాని నేను మొట్టమొదలు పాఠం చెప్పిన బడి ఇప్పుడు లేదు. ఆ జాగల ఓపెన్ కాస్ట్‌ల బొగ్గు కోసం తవ్విపోసిన మట్టి గుట్ట లేచింది. దాని మీద తుమ్మ చెట్లు సుత మొలిచినయ్. బస్సుల పోయేటప్పుడు, అగో ఆడ నా నల్లబల్ల ఉండేది అని చూపిస్తె, మా అల్లుడు మర్యాదకు తల ఊపుతడు.

అప్పుడు మేము గోదావరిఖనిల రెండు అర్రల క్వార్టర్ల ఉండేది. మొదటి షిఫ్టు సైరన్ కంటె ముందుగాల్నే మా అవ్వ వాకిట్ల బొగ్గుల పొయ్యి ముట్టిచ్చేది. ఒక్క మా అవ్వనే గాదు, క్వార్టర్ల లైన్ లైనంత ముట్టిచ్చేటోళ్ళు. ఆ పొగ గల్లీ నిండ పర్సుకుంటె, ఎదురుంగ వచ్చే మనిషిని దగ్గుతోని గుర్తు పట్టాల్సి వచ్చేది. మా బాపు ఒకప్పుడు బొగ్గు బాయిల దిగి పనిచేసేటోడు. మోకాలు పోయినంక ఆయన్ని మీదికి తీసి ల్యాంపు రూముల ఏసిన్రు. దిగేటోళ్ళకు నెత్తికి పెట్టుకునే లైట్లు ఇచ్చుడు, ఎక్కినంక తీసుకొని చార్జింగ్ పెట్టుడు ఆయన డ్యూటీ. ఆ బ్యాటరీల యాసిడ్ వాసన బాపు కంటె ముందు ఇంట్లకొచ్చేది. ఎన్ని పాయింట్లు కుట్టిచ్చినా యాసిడ్ చుక్కలు పడి బొక్కలు పడేటియి. అవ్వ అతుకులు ఏసి ఏసి, పాయింటు ఎప్పుడో పోయింది, అతుకులే తొడుక్కొని పోతున్నవ్ అని నవ్వేది.

బాపు చేతి కింద ఇంకోటి ఉండేది, బిల్లల పలక. బాయిల దిగే ప్రతి మనిషికి నంబరు పొడిచిన ఇత్తడి బిల్ల ఒకటి ఉంటది. దిగేటప్పుడు బిల్ల ఇచ్చి లైటు తీసుకుంటడు, ఆ బిల్ల పలక మీద వాని మేకుకు తగుల్తది. ఎక్కినంక లైటు ఇచ్చి బిల్ల తీసుకొని ఇంటికి పోతడు. పలక మీద బిల్ల ఉన్నదంటె ఆ మనిషి ఇంక లోపల్నే ఉన్నట్టు. షిఫ్టు విడిచినంక ఒక్క బిల్ల మిగిలినా బాపు కుర్చీల కెల్లి లేవకపోయేది. అందరు ఎక్కి, పలక ఖాళీ అయినంకనే ఇంటి తొవ్వ పట్టేటోడు. వాకిట్ల చెప్పులు ఇడుసుకుంట ఒకటే మాట అనేటోడు, లెక్క సాఫ్. ఆ మాట వినవడ్డంకనే అవ్వ కంచాలు పెట్టేది. కడుపుల ఎలుకలు ఉరికినా సరే, అప్పటిదాంక ఎవలం ముద్ద ముట్టకపోయేది. లోకంల అన్ని ఇండ్లల్ల గిట్లనే తింటరని నేను శాన ఏండ్లు అనుకున్న.

ట్రైనింగ్ అయిపోయి ఖాళీగ కూసున్న నాకు, మా లైన్లకు ఇవతల రేకుల షెడ్డుల నడిచే ప్రైవేట్ బడిల మూడో తరగతి ఇచ్చిన్రు. మూడు నెలలు చూస్తాను, పిల్లలకు లెక్కలొస్తే ఉంచుకుంటాను, లేకపోతే ఏమనుకోవద్దు అన్నడు కరస్పాండెంట్ సార్. ఆయనది కోస్తా దిక్కు. వాళ్ళ అన్న బాయిల ఇంజినీరైతె, ఆయన వెంబడి వచ్చి ఈ బడి పెట్టిండు. మా బొగ్గు ఊర్లె రోజు తెల్లంగి తొడిగే మొండి మనిషి. కుర్చీని మూడు సార్లు రుమాలుతోని తుడిచి కూసుండేది, లేచి చూస్తె వెనుక నల్లటి గీత ఉండనే ఉండేది. నా పేరు సరోజన అని ఎన్ని సార్లు చెప్పినా, తప్పు దిద్దినట్టు సరోజిని అనే పిలిచేటోడు. మంచోడే, గాని ఆయన నడిచొస్తుంటె నేను చెప్పే పాఠం మర్చిపోయేది. ఎందుకంటె మా బాపు ఈ మూడు నెలల ముచ్చట ఎవలికి చెప్పలె. నా బిడ్డ టీచరమ్మ అయిందని షిఫ్టు షిఫ్టంతకు దూద్‌పేడాలు పంచిండు. ఇగ నన్ను తీసేస్తె, రేపు కిటికీల కెల్లి లైట్లు ఇచ్చుకుంట బాపు ఎంతమందికి జవాబు చెప్పాలె? నాకు గదే ఫికర్.

ఒకటే అర్ర, ముప్పై ఇద్దరు పిల్లలు, తెలుగు, లెక్కలు, పరిసరాలు, ఇంగ్లీషు అన్ని నేనే. పుస్తకాలు ఎక్కడోళ్ళు రాసిన్రో గాని మా పిల్లలకు అసలు అతకకపోయేటియి. రాత్రి అందరూ నిద్రపోతారు అని చదివిపిస్తె, ఒకడు లేచి, మా బాపు పొద్దుగాల పంటడు టీచర్, మేము చప్పుడు చేస్తె కొడ్తడు అనేటోడు. భూమి లోపలికెల్లి మనకు ఏమేం వస్తయి అని పరిసరాలల్ల అడిగిన. బొగ్గు అన్నది ఒక పిల్ల. నీళ్ళు అన్నడు ఇంకొకడు. వెనుక బెంచి కెల్లి ఒక సన్న గొంతు, మా బాపు అన్నది. నవ్వుడా, మార్కులు ఏసుడా తెల్వక మార్కులు ఏసిన. పగటీలి బ్లాస్టింగ్ అయితె రేకుల కెల్లి దుమ్ము రాలేది. నేను ఉలిక్కిపడి చాక్‌పీసు విడిస్తె, వాళ్ళు నిమ్మళంగ టిఫిన్ల మీద మూతలు పెట్టి, అయిపోయింది టీచర్, ఇగ చెప్పున్రి అని నాకు ధైర్యం చెప్పేటోళ్ళు.

అన్ని ఒక ఎత్తు, తీసివేత ఒక ఎత్తు. ముప్పై రెండుల కెల్లి ఎనిమిది తీసేయమంటె, రెండుల ఎనిమిది పోదని ఎనిమిదిల రెండు తీసి, ముప్పై ఆరు అని సంబురంగ పలక లేపేటోళ్ళు. తీసేస్తె ఎట్ల పెరుగుతదిరా అని నేను నెత్తి కొట్టుకునేది. చింతగింజలు తెచ్చిన, ఆడుకున్నరు. పల్లీలు తెచ్చిన, తిన్నరు. రెండు నెలలు గిట్లనే గడిచినయ్. ఒకనాడు ఇంట్ల కూసొని కండ్ల నీళ్ళు పెట్టుకుంటె బాపు చూసిండు. రెండు దినాలు కిరాణ దుకాండ్ల చుట్టు తిరిగి సోడా మూతలు ఏరుకొచ్చి, వాకిట్ల కూసొని సాపు చేసి, ఒకటి నుంచి ముప్పై రెండు దాంక నంబర్లు పొడిచిండు. ఒక చెక్క మీద ముప్పై రెండు మేకులు కొట్టి నా ముందట పెట్టి, వాళ్ళకు వచ్చిన లెక్కతోని రాని లెక్క చెప్పు బిడ్డా అన్నడు.

తెల్లారి నుంచి మా తరగతి ఒక చిన్న ల్యాంపు రూమైంది. పొద్దుగాల బిల్ల తెచ్చి మేకుకు తగిలిచ్చి లోపలికి రావాలె, పొద్దుమూకి గంట కొట్టినంక ఎవలి బిల్ల వాళ్ళే తీసుకొని ఇంటికి పోవాలె. ఒకలిది ఇంకొకలు ముట్టొద్దు. రూలు చెప్పేదాంక సుత ఆగలె, వాళ్ళే నాకు చెప్పిన్రు. బిల్ల మర్చిపోయిన పోరడు సగం తొవ్వల కెల్లి వెనుకకు ఉరికేది గాని బడి మాత్రం ఎగ్గొట్టకపోయేది. ఇంటికి పోయే ముందు, ఎనిమిది మంది తీసుకున్నరు, ఇంక ఎంతమంది ఉన్నరు అంటె, ఇరవై నాలుగు అని అందరు ఒక్క గొంతుతోని చెప్పేటోళ్ళు. నెల దినాలల్ల తీసివేత నాలుక మీదికొచ్చింది. వాళ్ళల్ల ఇరవై మూడో బిల్ల రజితది. రెండు జడలు, నూనె కారే మొఖం, ఏది చెప్పినా ఎందుకు అని అడిగేది. దాని బాపు బాయిల దిగేటోడు, వాళ్ళ క్వార్టర్ మా బడికి రెండో లైన్‌ల ఉండేది.

మూడు నెలలు నిండినయ్. కరస్పాండెంట్ సార్ కుర్చీ తుడుసుకొని కూసున్నడు. పిల్లలకు అర్థమయ్యేటట్టు ఈ ఊరి లెక్కే ఇద్దామని మురిసి, తనే లేచి బోర్డు మీద రాసిండు. గనిలోకి నలభై మంది దిగారు, ముప్పై ఏడుగురు పైకొచ్చారు, లోపల ఎంతమంది మిగిలారు? నాకు పానం నిమ్మళమైంది. ఇసుంటియి మా పిల్లలు నిద్రల చేస్తరు. కాసేపైనంక పలకలు లేపున్రి అన్న. కిరాణ దుకాణం మల్లేశం కొడుకు మహేశ్ ఒక్కడే మూడు అని రాసిండు. కడమ అందరు సున్న. ఒకడు సున్న ఏసి పక్కపొంటి అందరొచ్చిన్రు అని రాసిండు. బాయిల దిగే మనిషి ఉన్న ప్రతి ఇంటి పిల్ల సున్ననే రాసింది.

సార్ మొఖం మాడింది. "సరోజినీ, మూడు నెలల నుంచి మీరు నేర్పింది సున్నాయేనా?" అన్నడు. ఆయన ఇంక ఏదో అనబోతుంటె రజిత లేచి నిలబడ్డది. "ముగ్గురు లోపలుంటె షిఫ్టు అయిపోనట్టు సార్. వాళ్ళు ఎక్కేదాంక ఎవ్వలు ఇంటికి పోరు" అన్నది. ఆ మాట నాకు తెల్వదా? ఆ మాట మీద కాసుకొని అన్నం తిని పెరిగిన దాన్ని నేను. గాని నాకు బాపు పంచిన పేడాలు యాదికొచ్చినయ్. తప్పే సార్, పిల్లలు భయపడ్డరు, దిద్దిపిస్త అన్న. పిల్లలు భయపడలె, భయపడ్డది నేను. అందరితోని సున్న తుడిపిచ్చి మూడు రాపిచ్చిన. రజిత పలక సంచిల పెట్టుకొని కిటికీ దిక్కు మళ్ళింది. సార్ శనివారం చెప్తానని తన గదిలకు పోయిండు.

పొద్దుమూకి గంట కొట్టిన్రు. పిల్లలు లైనుగ బిల్లల పలక దగ్గరికి పోయిన్రు. ముందున్న పోరడు చెయ్యి చాపి, పలకను చూసి, చెయ్యి వెనుకకు తీసుకొని పోయి తన జాగల కూసున్నడు. వాని వెనుక ఉన్నోళ్ళు సుత గంతే. ఏందిరా అంటె, ఇరవై మూడు ఉన్నది, రజిత లేదు టీచర్ అన్నరు. రజిత బిల్ల తీసుకోకుంటనే సందుల కెల్లి ఎల్లిపోయింది. అది ఇంటికి పోయిందిరా, మీరు పోవున్రి అని బతిలాడిన. మరి బిల్ల? అన్నరు. నేను తీస్కపోయి ఇస్త అంటె, ఎవలి బిల్ల వాళ్ళే తీసుకోవాలె అని నా రూలు నాకే అప్పజెప్పిన్రు. పిల్లలు రాలేదని ఒక తల్లి వచ్చి, ఇంతసేపు ఏం చదువు అని నన్ను అరుసుకుంటనే లోపలికొచ్చింది. పలక మీద బిల్లలు చూసింది. కొంగు సదురుకొని, తనూ బెంచి మీద కూసున్నది. ఆ చప్పుడుకు సార్ బయటికొచ్చి ఏమిటిది అని అడుగుతుంటె, నేను రెండో లైనుకు ఉరికిన.

రజిత వాళ్ళ గడప మీద మోకాళ్ళు కావలిచ్చుకొని కూసున్నది. బట్టలు ఆరేస్తున్న వాళ్ళ అవ్వ ముచ్చట చెప్పింది. పోయిన వానకాలం కరెంటు పోయి, మనుషులను మీదికి తెచ్చే మిషన్ ఆగిపోయిందట. ఆ షిఫ్టుల ఆఖరుకు మిగిలిన ముగ్గురిల దీని బాపు ఒకడు. ఎవలికి ఏం కాలె, పొద్దుమూకే వరకు నవ్వుకుంటనే ఎక్కిన్రు. గాని అప్పటిదాంక వీళ్ళు గేటు కాడ నిలబడ్డరు. ముందుగాల ఎక్కిన ముప్పై నలభై మంది సుత ఒక్కలు ఇంటికి పోలేదట, తానం చెయ్యకుంట, మసి మొఖాలతోని ఆడ్నే కూసున్నరట. సార్‌కు ఆ సంగతి తెల్వది, నోటికొచ్చిన అంకె రాసిండు. అది మా బాపు చేసే బాయి కాదు, నాకు సుత అప్పుడే తెలిసింది. రజిత తల ఎత్తి, "ముగ్గురు మిగిలిన్రు అని రాసి, గంట కొట్టి అందరు ఇంటికి పోతరా టీచర్?" అని అడిగింది. నాకు సిగ్గయింది. చెప్తె నమ్మరు గాని, ఆ గడప మీద దాని పక్కన కూసొని ఏడ్చిన. తప్పు నాదే, వచ్చి నిలబడు, నేను అందరి ముంగట దిద్దుకుంట అన్న.

దాని చెయ్యి పట్టుకొని వస్తె ఎక్కడోళ్ళు అక్కడ్నే ఉన్నరు. సార్ సుత గోడకు ఆనుకొని నిలబడ్డడు, తెల్లంగి సంగతి మర్చిపోయి. నేను ఆయన మొఖం చూడకుంట చెప్పిన, పిల్లలు భయపడ్డరని పొద్దుగాల అబద్ధం చెప్పిన సార్, మీరు తీసేస్తె తీసేయున్రి అని. చాక్‌పీసు తీసుకొని నలభైల ముప్పై ఏడు పోతె మూడు అని రాసిన. దాని కింద ఇంకో లైను రాసిన, మూడుల మూడు పోతె సున్న. "ముగ్గురు మిగిలింది నిజమే. మిగిలితె లెక్క ఆపొద్దు, వాళ్ళు ఎక్కేదాంక చెయ్యాలె" అన్న. రజిత రెండు లైన్లు మంచిగ చూసి, ఎందుకు అని అడగకుంట, పోయి తన బిల్ల తీసుకున్నది. దాని వెనుక ముప్పై ఒక్క మంది. బిల్లల పలక ఖాళీ అయ్యేదాంక సార్ కదలలె. "అయితే నేను సగం లెక్కే ఇచ్చానన్నమాట" అని తనలో తాను అనుకున్నట్టు అన్నడు. శనివారం పిలిచి, నాలుగో తరగతి లెక్కలు కూడా మీరే చెప్పండి సరోజినీ అన్నడు. ఉద్యోగం పక్కా అని చెప్పే తీరు ఆయనకు గదే కావచ్చు.

పిల్లలు బిల్లలు తీసుకొని పోయిన ఆనాడు నేను ఇంటికి పోయేసరికి పొద్దు గుంకింది. బాపు, అవ్వ, తమ్ముడు, ఎవలు తినలె. వాకిట్ల చెప్పులు ఇడుసుకుంట, తెల్వకుంటనే, లెక్క సాఫ్ అన్న. బాపు నన్ను కింద నుంచి మీది దాంక చూసిండు. బిడ్డకు కంచం పెట్టు అన్నడు అవ్వతోని.

ఆ ఎండకాలం రాకముందే రజిత వాళ్ళ బాపుకు మందమర్రికి బదిలీ అయింది. సామాను లారీల ఎక్కిచ్చి, నడిబడిల వచ్చి పిల్లను తోల్కపోయిండు. లారీ ఎక్కే ఆగమాగంల బిల్ల మేకుకే ఉండిపోయింది. పొద్దుమూకి మళ్ళ కడమ పిల్లలు కదలరాయె. బదిలైనోళ్ళ బిల్ల టీచర్ దగ్గర ఉంటదని అప్పటికప్పుడు ఒక కొత్త రూలు పుట్టిచ్చి కొంగుకు ముడేసుకున్న. మందమర్రి పోయినప్పుడు ఇద్దామనుకున్న. మందమర్రి ఎంత దూరం, బస్సు ఎక్కితె దిగుడే. ఆ దూరం పోనీకి నాకు ఇన్నేండ్లు పట్టింది, అది సుత ఇంక పోలె.

గుండీ కుట్టిచ్చుకోను మనుమరాలు మళ్ళ వచ్చింది. చేతిల ట్యాబు. లెక్క సరిగ చేస్తె టింగుమని చుక్కలు వస్తయి దాంట్ల. నాకంటె జల్ది చేస్తది, ఆ మాట ఒప్పుకోవాలె. పాత లెక్కనే దానికి చెప్పిన. త్రీ అన్నది, నేను మాట పూర్తి చేయకముందే. తరువాత? అన్న. తరువాత ఏముంది అమ్మమ్మా, నెక్స్ట్ క్వశ్చన్ అన్నది. దాని తప్పేం లేదు. బొగ్గుల పొయ్యి తెల్వది, సైరన్ కోసం చెవులు నిక్కబొడుచుకొని కూసున్న ఇల్లు తెల్వది. ఇంట్ల తలా ఒక టైముకు తింటున్నం, ఎవలొచ్చిన్రో ఎవలు రాలేదో ఫోన్ల చూసుకుంటున్నం. సుఖమే, కాదని ఎట్లంట? గాని గుండీ కుట్టుకుంట ఆ పిల్లకు మొత్తం కథ చెప్పిన. బోర్డు మీది రెండో లైన్ దగ్గరికొచ్చేసరికి ట్యాబు పక్కకు పెట్టి, కథ ఆఖరుకు, మరి ఆమెకు బిల్ల ఇచ్చెయ్యవా అన్నది.

రజిత నంబరు మహేశ్ ఇచ్చిండు. బెండకాయలు ఏరి ఏసేది వాడే, ఆనాడు మూడు అని రాసిన మొనగాడు. అందరి నంబర్లు వాని దగ్గర ఉంటయి. ఫోన్ చేస్తె వెనుక గిన్నెల చప్పుడు. వాళ్ళ బాపు కొలువు దానికొచ్చిందట, బాయి మీద క్యాంటీన్‌ల డ్యూటీ. ఇప్పుడు మొఖం చూపిస్తె మిషనే హాజరు ఏసుకుంటది టీచర్ అని నవ్వింది. దానికి సుత ఇద్దరు బిడ్డలు, పెద్దది ఎందుకు ఎందుకు అని పానం తీస్తదట. మంచిగైంది అన్న. నీ బిల్ల నా దగ్గర ఉండిపోయింది బిడ్డా, ఈ వారం బస్సెక్కి వచ్చి ఇచ్చిపోత అన్న. గిన్నెల చప్పుడు ఆగింది.

"మీరు రాండ్రి టీచర్, బిల్ల మాత్రం తేవొద్దు" అన్నది. "అది మీ దగ్గరున్నదంటె నేనింక బడిల్నే ఉన్నట్టు."

వంటింట్ల క్యాలెండర్ పక్కన ఒక మేకు ఖాళీగ ఉండె. ఇరవై మూడును దానికి తగిలిచ్చిన. బాపు ఉంటె నా మీద కోపానికొచ్చేటోడు, బిల్ల మేకుకు ఉండంగ ఎట్ల పంటవ్ బిడ్డా అని. ఆ పూట నేను కంచం నిండ అన్నం తిని, హాయిగ పండుకున్న.